గూట్లోంచి నవ్వు

నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దవాళ్లు. ఆ నాలుగూ ఏవో విడమరిచి చెప్పిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు. గూటి పిన్నికి అరవై నాలుగో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం మూడున్నర ఆటలో, అందులో ఒకటి తెలిసొచ్చింది. మిగతా మూడింటి సంగతి ఆవిడ ఆరా తియ్యలేదు. ఆ ఒక్కటే చాలింది.

ఆమెకు ఆ పేరు కూర్చునే చోటుని బట్టి వచ్చింది. ఆ నాటకశాల చాలా పాతది. వేదిక ముందంచున, సరిగ్గా నడిమధ్యలో, చదరంగా ఒక గుంట ఉంది. జనానికి లోపలి మనిషి కనబడకుండా దాని మీద బోర్లించిన గంపలాంటి చెక్క కప్పు, నటుల వైపు మాత్రం తెరిచి ఉంటుంది. వేదిక కిందనుంచి ఐదు మెట్లెక్కి ఆ గుంటలో ఎత్తుపీట మీద కూర్చుంటే తల ఒక్కటీ వేదిక మట్టానికి వస్తుంది. ఎదురుగా చిన్న బల్ల, దాని మీద నాటకం రాతప్రతి, బుల్లి దీపం. దాన్ని అందరూ గూడు అంటారు. నటులు మాట మరిచిపోతే గూట్లోంచి అందించే ప్రాంప్టరు పని ఆమెది. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని.

అంతకాలం లోకాన్ని పాదాల ఎత్తునుంచి చూసిన మనిషికి లోకం కొంచెం కలలాగే ఉంటుంది. దీపాల వెలుతురులో దుమ్ము పైకీ కిందికీ తీరిగ్గా తేలుతూ ఉంటుంది. అందులోంచి చెప్పులు వస్తాయి, గౌన్ల అంచులు వస్తాయి, మడమలు పగిలిన మహారాజులు వస్తారు. పైన గుండెలు బాదుకుని ఏడ్చే నాయిక కింద కాలి బొటనవేలితో రెండో పాదం గోక్కుంటుంది. ఇవన్నీ ఆమె ఒక్కతే చూసేది. ఎవరికీ చెప్పేది కాదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ప్రాంప్టరుకి వేరే చెప్పాలా?

ఆమె భర్త ఆ కంపెనీలో హాస్యనటుడు. ఆయన్ని వంకరటోపీ అంటారు. టోపీ తిన్నగా పెట్టుకుంటే ఆయన్ని సొంత అక్కే గుర్తుపట్టదని కంపెనీలో వాడుక. ఆయనకి పెద్ద పేరు తెచ్చిపెట్టింది గొడుగు సీను. వానలో తడిసిన ఒక గుమాస్తా గొప్పవాళ్లింటికి వస్తాడు. మర్యాదగా గొడుగు మూసి మూల పెట్టాలి. అది మూసుకోదు. అంతే సీను. పది నిమిషాలు, ఒక్క మాట లేదు.

మాట లేని చోట ప్రాంప్టరుకి పని లేదు. కాబట్టి ఆ పది నిమిషాలూ గూటి పిన్ని సొంతం. ఆయన ప్రతి ఆటలోనూ ఏదో ఒక చిన్న ముక్క మార్చేవాడు, ఆమె కోసం. నిన్న గొడుగు మూసుకుని వేలు పట్టేసుకుంటే, ఇవాళ గొడుగు మూసుకుంటుంది గానీ టోపీ లోపలుండిపోతుంది. రేపేం చేస్తాడో ఇంట్లో ఎంత బతిమాలినా చెప్పడు. అది చూసి ఆమె నవ్వేది. సన్నగా మొదలై, మెట్లు దిగుతూ దొర్లిన బిందెలా గడగడా బయటికి వచ్చేది ఆ నవ్వు. జనం సంగతి తెలిసిందేగా, ఎంత నవ్వొచ్చినా పక్కవాడు నవ్వేదాకా ఆగుతారు. ఆ పక్కవాడు గూటి పిన్ని. ఆమె నవ్వితే ముందు వరస, ఆ వెనక వరస, చివరికి బాల్కనీ. నటుల్లో అందరికీ తెలుసు ఈ కిటుకు. జనానికి మాత్రం ఆ మొదటి నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎన్నడూ తెలియదు.

ఆ ఆదివారం నవ్వుతుండగా వెచ్చగా ఏదో జారింది. చెంచాడు. ఆమెకు అర్థం కాలేదు. రెండో వారం అరగ్లాసు. అప్పుడు అర్థమైంది. గూట్లోంచి మధ్యలో లేచి వెళ్లడానికి లేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుని, ఆటయ్యాక అందరూ వెళ్లేదాకా రాతప్రతిలో కాగితాలు సర్దుతున్నట్టు నటించింది. నటించడం ఆమెకి అదే మొదలు.

భర్తకి చెప్పచ్చుగా అంటారు మీరు. ఏం చెప్తుంది? ఆ మహానుభావుడి చేతికి చిక్కింది ఏదైనా వేదిక ఎక్కకుండా ఉందా? కన్నతల్లి గురక ఎక్కింది. తోడబుట్టిన అక్క ఎక్కిళ్లు ఎక్కాయి. గూటి పిన్ని తుమ్ముకు ముందు మూడుసార్లు ముక్కెగబీల్చడం ఎక్కి, దానికి ఒక ఊళ్లో ఈలలు కూడా పడ్డాయి. ఆయనలో చెడ్డతనం లేదు. చూసింది చూసినట్టు ఒంట్లోంచి బయటికి వచ్చేస్తుంది, అంతే. ఇది కూడా వచ్చేస్తే? నిండు సభలో, దీపాల వెలుతురులో? ఆ ఊహకే ఆమె చెవులు వేడెక్కేవి.

అందుకని సొంత వైద్యం మొదలుపెట్టింది. ఆట ఉన్న రోజు నీళ్లు మానేసింది. నిద్ర రాకుండా ఉండాలని కాఫీ మాత్రం రెండుసార్లు తాగేది. ఆటకి ముందు బాత్రూముకి ఆరుసార్లు వెళ్లేది. ముదురు రంగు బట్టలే కట్టేది. లోపల మడతబెట్టిన గుడ్డ, పైన ఇంత సెంటు. వీటన్నిటినీ మించిన మందు ఇంకొకటి కనిపెట్టింది. నవ్వడం మానేసింది. గొడుగు సీను రాగానే పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకుని, రాతప్రతిలో ఏదో ఒక పేజీ మీద చూపు అతికించుకునేది. పైన గొడుగు టపటపా కొట్టుకునేది. ఆయన బూట్లు అటూ ఇటూ పరుగెత్తేవి. ఆమె తల ఎత్తేది కాదు.

నీళ్లు తాగకపోతే పీడ పోతుందనుకుంది. పోలేదు సరికదా, అంతకుముందు లేని మంట ఒకటి, క్షణానికోసారి వచ్చినట్టుండే బాధ ఒకటి తోడయ్యాయి. నాలుక పిడచకట్టుకుపోయేది. దీపం వేడికి కునుకు పట్టేది. కునుకులో నీళ్లు వచ్చేవి. హాలు మెల్లమెల్లగా నిండేది. తేటగా, నీలంగా, చప్పుడు లేకుండా. కుర్చీలు వరసలు చెదరకుండా పైకి తేలేవి. జనం టిక్కెట్లు ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీల మీదే బుద్ధిగా కూర్చుని ఉండేవారు. వెల్లకిలా తేలే గొడుగులో నిలబడి ఆయన వెళ్లిపోతూ ఉండేవాడు, ఎక్కడికో, వెనక్కి చూడకుండా. ఆశ్చర్యం ఏమిటంటే అంత నీళ్లలో అందరూ పొడిగా ఉండేవారు. ఆమె ఒక్కతే తడిసి ఉండేది.

ఒకరోజు అలాంటి నీళ్లలోంచి ఆమెను నిశ్శబ్దం లేపింది. కళ్లు తెరిచేసరికి మహారాజు పగిలిన మడమలు కప్పు ముందు నిలబడి వణుకుతున్నాయి. మాట మరిచిపోయి ఎంతసేపయిందో పాపం. ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె మాట అందించలేకపోవడం అదే మొదటిసారి.

గొడుగు సీను పరిస్థితి అంతకంటే అన్యాయంగా తయారైంది. మొదటి నవ్వు లేదు, కాబట్టి రెండోది లేదు. బాల్కనీలో ఎవరో దగ్గడం వినబడేది. ఆయన మరీ కొత్త ముక్కలు కనిపెట్టాడు, పడ్డాడు, దొర్లాడు, మోకాలు కొట్టుకుపోయింది. ఇంట్లో అద్దం ముందు గొడుగుతో గంటలు గంటలు నిలబడేవాడు.

“ఇవాళ టోపీ ఆలస్యంగా పడేశానంటావా?”

“లేదండీ. బాగానే ఉంది.”

“బాగానే ఉందట,” అన్నాడు ఆయన అద్దంలో మనిషితో.

మొగుడితో ‘బాగాలేదు’ అంటే పోట్లాట, ‘బాగుంది’ అంటే సంబరం. ‘బాగానే ఉంది’ అనకూడదు. ఆ చిన్న ‘నే’ చేసే గాయం ఆమెకు తెలుసు. మాటలు అందించే మనిషికి తెలియకపోవడమేం? తెలిసీ అంది. వేరే మాట దొరకలేదు.

మేనేజరు ఆయనకి కబురు పెట్టాడు. మంచివాడే, కానీ హాలు వెనకాల తలుపు దగ్గర నిలబడి జనాన్ని చూడటం అతని ఉద్యోగం. “గురువుగారూ, ఆ సీనులో పది నిమిషాలు జనం గోళ్లు చూసుకుంటున్నారు. ఈ సీజను ఇంకా ఆరు వారాలుంది. ఆఖరి ఆదివారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆ చోట ఒక డాన్సు పెట్టుకుంటాను. మీరేం అనుకోకండి,” అన్నాడు.

ఆ సీను పోతే వంకరటోపీకి నాటకంలో మిగిలేది రెండో అంకంలో ట్రే పట్టుకుని రావడం, పోవడం. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి టోపీ తీసి, జీవితంలో మొదటిసారి దాన్ని మేకుకి తిన్నగా తగిలించాడు. గూటి పిన్ని చూసింది. కక్కలేక మింగలేక వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడు వినగానే మళ్లీ బాత్రూముకి పరుగెత్తాల్సి వచ్చింది. ఏడవడానికి కూడా తీరిక ఇవ్వదు ఆ జబ్బు.

దొంగ దొరికింది బట్టల గదిలో. వేషాల బట్టలన్నీ చూసుకునేది వంకరటోపీ అక్కగారు. ఆమెకి డెబ్భై రెండేళ్లు. భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉంటోంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ ఈవిడ ముప్పాతిక. కిటికీలోంచి పడే ఎండలో, వేలాడే కోట్ల మధ్య, పెదవుల్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ మరదల్ని పిలిచింది.

“ఇలా రావే. ఈ రాజుగారి కోటు చూడు. నిన్న నిండు సభలో చలేస్తోందని గొణుక్కున్నాడు మహారాజు. ఏమిటా అని లోపల చూస్తే ఫ్లానెల్ లైనింగ్ లేదు.”

“ఎలకలు కొట్టుంటాయి వదినా.”

“ఎలక కొరికితే అంచు ఇంత తిన్నగా ఉంటుందిటే? ఇది కత్తెర పట్టిన ఎలక. కొలతబద్ద కూడా పట్టింది.”

గూటి పిన్ని కోటు చేతి బొత్తాలు లెక్కపెడుతూ నిలబడింది. పెద్దావిడ గుండుసూదులు ఒక్కొక్కటే పెదవుల్లోంచి తీసి దిండుకి గుచ్చింది. తలుపు వేసి వచ్చింది.

“ఎన్నాళ్లయింది?”

“ఏది వదినా?”

“నీళ్లు నమలకు. నా ముక్కు ఇంకా పనిచేస్తోంది. అంత సెంటు పెళ్లికూతురు కూడా పూసుకోదు.”

“ఏడు నెలలు.”

పెద్దావిడ స్టూలు మీద కూర్చుంది. “నాకు ఎనిమిదేళ్లు,” అంది.

ఎనిమిదేళ్లు! ఒకే ఇల్లు, ఒకే బాత్రూము. ఒకే తీగ మీద బట్టలు ఆరేసుకుంటూ, ఒకళ్లకి తెలియకుండా ఇంకొకళ్లు ముందుగా లేచి ఉతుక్కుంటూ, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ముందు పెద్దావిడ భుజాలు కదిలాయి. తర్వాత చిన్నావిడవి. “నవ్వించకు వదినా, నీకు దణ్ణం పెడతాను,” అంది గూటి పిన్ని మోకాళ్లు దగ్గరకి నొక్కుకుని. “నువ్వు నవ్వకే, నిన్ను చూస్తే నాకొస్తుంది,” అంది ఆడబిడ్డ గోడ పట్టుకుని. నవ్వారు. ఇద్దరికీ జరగాల్సింది జరిగింది. ఆ గదిలో ఎండ పచ్చగా పడుతూనే ఉంది, ఖాళీ కోట్లన్నీ పరాయివాళ్ల మర్యాదతో అటు తిరిగి నిలబడ్డట్టే ఉన్నాయి.

“నేను మొదటి నాలుగేళ్లు నీలాగే ఏడ్చాను,” అంది పెద్దావిడ కళ్లు తుడుచుకుని. “తర్వాత ఆసుపత్రిలో దీనికోసమే ఒకమ్మాయి ఉందని తెలిసింది. ఇప్పుడు నెలకి రెండు మూడు సార్లు, అంతే. ఇవాళ నీ మూలాన ఒకటి పెరిగింది. పద, మంగళవారం తీసుకెళ్తాను. మా తమ్ముడికి చెవులు చూపించుకోడానికని చెబుదాం.”

ఆసుపత్రిలో అమ్మాయి ఫిజియోథెరపిస్టు. ముప్పై ఏళ్లుంటాయేమో. ముందు డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, ఇన్ఫెక్షను లేదని, షుగరు లేదని తేల్చాక ఈ అమ్మాయి దగ్గరికి పంపాడు. తుమ్మితే పడుతుందా, బరువెత్తితే పడుతుందా అని రైలు టైములు అడిగినంత మామూలుగా అడిగింది. ఆ మామూలుతనానికే గూటి పిన్నికి సగం ప్రాణం లేచొచ్చింది.

“రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారండీ?”

“ఆట ఉన్న రోజు తాగను.”

“అయ్యో, అదే చెయ్యకూడదు. నీళ్లు తాగకపోతే మూత్రం చిక్కబడి మంటపెడుతుంది, సంచి ఊరికే చిరాకు పడుతుంది. ఆరేడు గ్లాసులు రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. కాఫీ తగ్గించండి. ఎందుకైనా మంచిదని ఆరుసార్లు వెళ్లడం మానేసి, గడియారం చూసుకుని వెళ్లండి. ముందు రెండు గంటలకోసారి, కుదిరాక మెల్లగా పెంచుదాం. లోపల పాత కోటు గుడ్డలూ అవీ వద్దు, దీనికని చేసిన ప్యాడ్లుంటాయి.”

“వయసు మీద పడ్డాక ఇంతేగా అమ్మా?”

“వయసులో చాలామందికి వస్తుంది. వచ్చినంత మాత్రాన ఊరుకోమని ఎవరన్నారు?” అని ఆ అమ్మాయి కసరత్తు చెప్పింది. వస్తున్న మూత్రాన్ని ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగుస్తాయో అవి బిగించాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. మళ్లీ ఐదు లెక్కపెట్టి మళ్లీ బిగించాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలా. పొట్ట బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. కూర్చుని చేసినా ఎదుటివాళ్లకి తెలియదు. మూడు నెలలు పట్టచ్చు, ఓపిక పట్టాలి. “ఇంకొకటి. దగ్గో, తుమ్మో, నవ్వో వచ్చే ముందు ఒక్క క్షణం గట్టిగా బిగించారంటే చాలా మటుకు ఆగుతుంది.”

“నవ్వు వచ్చేముందు చెప్పి రాదుగా అమ్మా.”

“మిమ్మల్ని అంతగా నవ్వించేది ఎవరండీ?”

“మా ఆయన.”

“అయితే ఆయన్నే చెప్పి రమ్మనండి,” అంది ఆ అమ్మాయి, ఇంకో కాగితం తీసుకుంటూ.

ఆ మాట గూటి పిన్నితో ఇంటిదాకా నడిచొచ్చింది. రెండు రోజులు ఇంట్లో తిరిగింది. మూడో రోజు పొద్దున ఆయన హాలుకి ఒక్కడే గొడుగు పట్టుకుని బయల్దేరితే, వెనకే ఆమె వెళ్లింది.

పగటిపూట నాటకశాల వేరే లోకం. పై కిటికీలోంచి ఒకే ఒక్క వెలుగు పట్టీ దిగి, ఖాళీ కుర్చీల మీద నెమ్మదిగా జరుగుతోంది. ఆమె కింద మెట్లెక్కి గూట్లో కూర్చుంది. పీట కిర్రుమంది. పైన బూట్లు ఆగాయి, మళ్లీ నడిచాయి. ముఖం చూస్తూ ఆ మాట చెప్పడం ఈ జన్మకి అయ్యే పని కాదు. బూట్లతో చెప్పచ్చు. అందుకే తన గొంతులో, ఆ గూటి గొంతులో, నటుడికి వినిపించి ముందు వరసకి వినిపించని ఆ పాత గుసగుసలో మొదలుపెట్టింది.

“ఏడు నెలలుగా…”

“ఏడు నెలలుగా!” అన్నాడు వంకరటోపీ, చెయ్యి పైకెత్తి, ఖాళీ హాలుకేసి తిరిగి.

ఆయన తప్పు కాదు. గూట్లోంచి ఏ మాట వచ్చినా నోరు ముందు అందుకునేది, బుద్ధి తీరిగ్గా వచ్చి కలిసేది. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు.

“నేను నవ్వడం లేదు.”

“నేను నవ్వడం లేదు!” ఈసారి గొంతులో కొంత విషాదం కలిపాడు.

“నవ్వితే నాకు…”

“నవ్వితే నాకు!”

“తెలియకుండా ఒంటేలు పడిపోతోంది.”

“తెలియకుండా ఒంటేలు…”

అక్కడ గొంతు ఆగింది. మాట మాత్రం ఆగలేదు. బాల్కనీదాకా వెళ్లి గోడకి తగిలి, “ఒంటేలు” అని బాహాటంగా వెనక్కి వచ్చింది. గూటి పిన్ని రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

తర్వాత బట్టలు నేలకి రాసుకున్న చప్పుడు. ఆయన వేదిక మీద బోర్లా పడుకుని చెక్క కప్పులోకి తల పెట్టాడు. టోపీ జారి ఆమె ఒళ్లో పడింది.

“ఇదా?” అన్నాడు.

“ఇదే.”

“నవ్వకపోవడానికి ఇదా కారణం?”

“ఇదేనండీ. దేవుడి తోడు, సీను బాగుంటోంది. చూస్తే నవ్వొస్తుందని చూడటం లేదు.”

“నేను అయిపోయాననుకున్నానే,” అన్నాడు ఆయన. “జనం పోతే పోయారు. నీకే నేను విసుగొచ్చాననుకున్నాను. ఇంక ఎందుకులే అనిపించింది.”

నవ్వించేవాళ్లు ఏడిస్తే చూడటానికి ఏమాత్రం బాగుండదు. తలకిందులుగా ఉండటంతో కన్నీళ్లు నుదుటి మీదికి పోయాయి. ఆమె టోపీతోనే తుడిచింది. ఎంత తెలివితక్కువ మనిషిని నేను అనుకుంది. నా పరువు దాచుకుందామని ఈయన ప్రాణం తీశాను.

“ఒక్క మాటండీ. ఇది వేదిక ఎక్కకూడదు.”

“ఎక్కదు. నా టోపీ మీద ఒట్టు. అక్కకి కూడా చెప్పను.”

“వదినకి తెలుసు.”

“అక్కకి తెలుసా? ఎలా?”

“తెలుసంతే,” అంది గూటి పిన్ని. వదినగారి ఎనిమిదేళ్లు వదినగారివి.

“అంటే ఈ ఇంట్లో ఆఖర్న తెలిసింది నాకా!” అన్నాడు, తల ఇంకా గూట్లోనే ఉంచి. తర్వాత ఆమె ఫిజియో అమ్మాయి చెప్పిందంతా చెప్పింది. నవ్వించే ముందు చెప్పమన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం ముడుచుకుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన విద్య అంతా ఆమె ఎదురుచూడని క్షణంలో ఆమెను పట్టుకోవడమే. చెప్పి చేస్తే ఇంకేముంది? రెండు రోజులు అదే ఆలోచిస్తూ తిరిగాడు. మూడో రోజు స్నానానికి వెళ్తూ మధ్యలో ఆగి, “బూటు మడమ రెండుసార్లు కొడతాను. ఏం చేస్తానో చెప్పను. చేస్తానని మాత్రం చెప్తాను,” అన్నాడు.

తర్వాతి వారాలు గడియారంతో గడిచాయి. నీళ్ల గ్లాసులు బల్ల మీద వరసగా పెట్టుకుని తాగేది. గూట్లో కూర్చుని, రాజులూ రాణులూ పైన పోట్లాడుకుంటుంటే, ఐదు లెక్కపెట్టి బిగించేది, ఐదు లెక్కపెట్టి వదిలేది. అవతల వదినగారి కసరత్తు కూడా ఏ కోట్ల మధ్యనో సాగుతూనే ఉండేది. కొన్ని రోజులు ఓడిపోయేది. ఒకసారి తుమ్ము మూడు ముక్కెగబీల్పులూ లేకుండా దొంగదెబ్బ తీసింది. కానీ మంట పోయింది. కునుకులో నీళ్లు వచ్చినా మోకాళ్ల దాకా వచ్చి ఆగేవి. గొడుగు సీనులో తల ఎత్తి చూడటం మొదలుపెట్టింది. టక్ టక్. బిగించేది. చిన్న నవ్వు నవ్వేది, పెదవుల చివర. దానికి ముందు వరసలో ఒకరిద్దరు కదిలేవారు. బాల్కనీ మాత్రం కదల్లేదు. మేనేజరు తలుపు దగ్గర చేతులు కట్టుకునే ఉన్నాడు.

ఆఖరి ఆదివారం హాలు నిండింది. గుమాస్తా వచ్చాడు. గొడుగు మూసుకోలేదు. తిప్పాడు, లాగాడు, దానికి నమస్కారం పెట్టాడు. నాలుగు నవ్వులు రాలాయి. పది నిమిషాల్లో ఎనిమిది అయిపోయాయి. అప్పుడు బూటు మడమ మోగింది. టక్ టక్.

ఆమె బిగించింది. ఏమీ జరగలేదు. బూట్లు ఆమె వైపే నడిచొస్తున్నాయి. మళ్లీ టక్ టక్. ఇంకా బిగించింది. ఆయన గొడుగు జనానికి అడ్డం పెట్టి ముఖం దాచేశాడు. ఏ నటుడూ చెయ్యకూడని పని అది. గూటి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ఎంతో మర్యాదస్తుడైన గుమాస్తాలా వంగి, ఎంతకీ మూసుకోని ఆ గొడుగును చెక్క కప్పు మీదకు వంచి, ఆమెకు పట్టాడు. తడవకుండా.

మాట తప్పాడు, అనుకుంది ఒక్క క్షణం. ఒళ్లు మండింది. అప్పుడు ఆయన ముఖం కనబడింది. ఆ ముఖం హాలుకి కనబడదు, ఎవరి కోసమూ వేషం వెయ్యడం లేదు. కనుబొమలు రెండూ పైకెత్తి, పెళ్లినాటి కుర్రాడిలా భయంభయంగా, ‘సరేనా?’ అని అడుగుతోంది. జనానికి తెలిసింది ఏమీ లేదు. ఒక పిచ్చి గుమాస్తా ఒక చెక్కపెట్టెకి వాన తగలకుండా గొడుగు పడుతున్నాడు.

నవ్వు ఐదు లెక్కపెట్టే దాకా ఆగలేదు. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో ఏమో, గూడంతా అదిరేలా పైకి లేచింది. ముందు వరస అందుకుంది, వెనక వరసలు అందుకున్నాయి, బాల్కనీ రెయిలింగు దబదబా బాదుతున్నారెవరో. ఎదురుగా గొడుగు వణుకుతోంది. వేదిక మీద ఎన్నడూ నవ్వని మనిషి, జనానికి గొడుగు అడ్డం పెట్టి, ఆమెతో కలిసి నవ్వుతున్నాడు.

కొంచెం తడిసింది. ప్యాడు ఉంది. ఆమె పెన్సిలు కోసం వెతుక్కోలేదు, నవ్వుతూనే ఉంది.